ట్యాగమ్మ పిల్లల లెక్క

2023 ఏప్రిల్ 16

ఇంటి వెనక అడవిలో పెట్టిన రెండో కెమెరా కార్డులో 212 క్లిప్పులున్నాయి. వాటిలో చాలా భాగం ఎండకు వేడెక్కి గాలికి ఊగిన ఒకే ఒక్క కొమ్మవి. ఆ కొమ్మను తిట్టుకుంటూ ఒక్కొక్కటే చెరిపేస్తుంటే, 187వ క్లిప్పు దగ్గర చెయ్యి ఆగిపోయింది. వాగు దాటి తల్లి ఎలుగు వస్తోంది. ఎడమ చెవికి గుర్తింపు ట్యాగు. వెనకాల ఒక పిల్ల, దాని వెనక ఇంకొకటి. తల్లి ఫ్రేములోంచి వెళ్లిపోయిన పది సెకన్లకు, బడికి ఆలస్యమైన పిల్లాడిలా పరుగెడుతూ మూడోది.

మూడు. మా పాపను పిలిచి చూపించాను. మూడోదాని ఛాతీ మీద తెల్లమచ్చ ఉంది. "నాన్నా, దాని మీద పెరుగు ఒలికింది" అంది. దాని పేరు పెరుగు అయిపోయింది. తల్లికి ట్యాగమ్మ అని నేనే పెట్టాను, గ్రామదేవత పేరులా ఉంటుందని. మిగతా రెండింటికీ ఏ గుర్తూ లేదు. వాటికి పేర్లు పెట్టలేదు. పెట్టినా ఏది ఏదో చెప్పలేం.

ఇక పని ఏమిటంటే, ఈ మూడింటిలో వచ్చే వసంతానికి ఎన్ని మిగులుతాయో చూడటం.

మాది న్యూజెర్సీలో వాయవ్య మూల, ససెక్స్ కౌంటీ. ఎడిసన్‌లో ఉండే మనవాళ్లు ఇక్కడికి వస్తే "ఇదీ న్యూజెర్సీయేనా" అంటారు. గంటంబావు కారు ప్రయాణం, అంతే. మా పెరడు దాటితే ఓక్ అడవి, ఆ వెనక చిత్తడి నేల. ఎలుగులు కనిపించడం ఇక్కడ వింతేమీ కాదు. కానీ కనిపించడం వేరు, ఒక తల్లిని పట్టుకుని ఏడాది పాటు దాని పిల్లల్ని లెక్కపెట్టడం వేరు.

నాకు నేను పెట్టుకున్న నియమాలు మూడు. తిండి ఎర వెయ్యను. ఇక్కడ ఎలుగుకు కావాలని తిండి పెట్టడం చట్టరీత్యా నేరం, వెయ్యి డాలర్ల దాకా జరిమానా. కానీ అసలు కారణం వేరే: ఎర వేస్తే నేను చూసేది ఎలుగు బతుకు కాదు, నా ఎర చుట్టూ జరిగే జాతర. రెండోది, వెంటపడను. మూడోది, చలికాలంలో అది పడుకునే చోటు వెతకను.

2023 ఏప్రిల్ 23

కెమెరాల సంగతి. నాలుగున్నాయి. నిజానికి అయిదు. మొదటిది పోయిన ఏడాది ఒక ఎలుగు నమిలేసింది. ప్లాస్టిక్ వాసనకు వాటికి ఏం పిచ్చో గానీ, దాని చివరి క్లిప్పులో పూర్తిగా నాలుకే. ఇప్పుడు అన్నిటికీ ఇనప పెట్టెలు బిగించి చెట్టుకు బోల్టు వేశాను.

రాత్రి ఫ్లాషుకు 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనబడని కాంతి) ఉన్నవి కొన్నాను. 850వి ఎక్కువ దూరం చూస్తాయి కానీ ఎర్రగా మిణుకుమంటాయి, ఎలుగు తిరిగి చూస్తుంది. లెన్సు ఉత్తరం వైపు పెట్టాలి, లేకపోతే పొద్దున, సాయంత్రం ఎండ సూటిగా పడి ఊరికే రికార్డు అవుతుంది. ఈ కెమెరా చూసేది కదలికను మాత్రమే కాదు, కదిలే వేడిని. ఆ కొమ్మ గొడవ అందుకే. ఇవాళ కొమ్మ కొట్టేశాను. బ్యాటరీలు లిథియంవే వాడాలి, మామూలువి జనవరి చలికి చచ్చిపోతాయి.

ప్రతి కెమెరా ముందూ ఒక కర్ర పాతి అయిదు సెంటీమీటర్లకో గీత గీశాను. పిల్ల దాని పక్కనుంచి నడిస్తే భుజం ఎత్తు తెలుస్తుంది. త్రాసు లేనివాడికి ఇదే త్రాసు.

2023 మే 7

మా అమ్మతో ఫోను. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. అక్కడ ఎలుగు అంటే ఫొటోలు తీసుకునే వస్తువు కాదు. జీడితోటకు తెల్లవారుజామున వెళ్లే వాళ్లు గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్తారు. పోయిన ఏడాది జూన్‌లోనే వజ్రపుకొత్తూరు వైపు ఎలుగు దాడిలో ఒక మనిషి చనిపోయాడు, ఇంకొందరికి గాయాలయ్యాయి. అమ్మకు అదే కళ్లముందు ఉంది.

"ఏటిరా బాబూ, అక్కడ మేం వాటికి దూరంగా పారిపోతంటే, నువ్వు కోరి దగ్గరికెళ్తన్నావా?"

"దగ్గరికెళ్లనమ్మా, కెమెరా పెట్టాను."

"కెమెరా పెట్టడానికైనా ఎల్లాలి గదా."

దీనికి జవాబు లేదు. రెండు ఎలుగులూ ఒకటి కావని చెప్పాను. మన ఎలుగు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది, ఎదురుపడితే కలబడుతుంది. ఇక్కడి నల్ల ఎలుగు బెదిరితే పిల్లల్ని చెట్టెక్కిస్తుంది, చాలాసార్లు తనూ తప్పుకుంటుంది. చిరుతలు చెట్లెక్కే దేశంలో చెట్టును నమ్ముకుని లాభం లేదు కాబట్టి మనది వీపునే నమ్ముకుందేమో. అమ్మ అంతా విని, "సరే గానీ, దాని ఎంట్రుక దొరికితే దాచు, పాపకి తాయెత్తు కడదాం" అంది. ఎలుగు వెంట్రుక కడితే పిల్లలు దడుచుకోరని మా చిన్నప్పుడు ఎలుగును ఆడించేవాళ్ల దగ్గర కొనేవారు. మా పాప దేనికీ దడుచుకోదు, అదే నా బెంగ.

2023 మే 21

ఇంతవరకు దొరికిన వాటిలో ఇదే మంచి క్లిప్పు. మూడో కెమెరా ఎదురుగా పెద్ద వైట్ పైన్ ఉంది. బెరడు పలకలు పలకలుగా పగిలి ఉంటుంది, చిన్న గోళ్లకు బాగా పట్టు దొరుకుతుంది. తల్లులు పిల్లల్ని ఇలాంటి చెట్ల మొదట్లో వదిలి మేతకు వెళ్తాయని మిన్నెసోటాలో పరిశోధకులు ఏనాడో గమనించారు. మా ట్యాగమ్మకు ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

మధ్యాహ్నం 2:40కి వచ్చింది. చెట్టుకు వీపు ఆనించి మనిషిలా కూర్చుంది. మూడూ ఎక్కి పాలు తాగుతున్నాయి. ఆడియోలో ఒక శబ్దం: గుర్‌ర్‌ర్ అని ఆగకుండా, దూరంగా చిన్న మోటారు తిరుగుతున్నట్టు. ముందు కెమెరా పాడైందనుకున్నాను. పాలు తాగేటప్పుడు పిల్లలు అలా గుర్రుమంటాయట. శీతాకాలంలో పరిశోధకులు బొరియ బయట నిలబడి ఈ చప్పుడు విని లోపల పిల్లలున్నాయో లేదో చెప్పేస్తారు.

జనవరిలో పుట్టినప్పుడు ఇవి ఒక్కొక్కటి పావుకిలో, మహా అయితే మూడొందల చిల్లర గ్రాములు. కళ్లు తెరవడానికే నెల పైన పడుతుంది. తల్లి అప్పటికి తిండీ నీళ్లూ మానేసి ఉంటుంది. ఆ ఒంట్లోంచే, ఇరవై శాతం పైగా కొవ్వున్న పాలు. గేదె పాలలో ఏడెనిమిది శాతం ఉంటేనే మనం మీగడ గురించి కథలు చెప్పుకుంటాం.

35వ సెకనులో ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడు. ట్యాగమ్మ ఒక్క బుస కొట్టింది. మూడూ పైన్ మీద ఉన్నాయి. ఎక్కడం నేను చూడలేదు, క్లిప్పును నెమ్మదిగా తిప్పితే గానీ కనబడలేదు.

2023 జూన్ 7

కెనడా అడవులు తగలబడి పొగ ఇక్కడికి కమ్మేసింది. మధ్యాహ్నానికే ఆకాశం పసుపు, ఆపైన నారింజ. పాపను బయటకు పంపలేదు. కార్డులు తేలేదు.

2023 జూన్ 19

రెండు.

మూడు కెమెరాలు, ఆరు క్లిప్పులు, అన్నిటిలో రెండే. పెరుగు ఉంది. గుర్తులేని వాటిలో ఒకటే ఉంది. పది సెకన్లు ఆలస్యంగా వచ్చేవాడి కోసం ప్రతి క్లిప్పూ చివరి దాకా చూశాను. రాలేదు.

డైరీలో "ఒకటి చనిపోయింది" అని రాశాను. రాసి, చాలాసేపు అలాగే కూర్చున్నాను. మా ఆవిడ "అడవి అన్నాక మామూలే కదా" అంది. నిజమే. మొదటి ఏడాది గడవకుండా పోయే పిల్లలు ఎక్కడైనా ఉంటాయి. మంచి చోట్ల అయిదింట ఒకటి, చెడ్డ ఏళ్లలో అంతకు రెట్టింపు. తిండి చాలక, బొరియలోకి నీళ్లొచ్చి, చెట్టు మీంచి పడి, కారు కింద పడి. ఇది జోడు కట్టే కాలం కూడా. మగ ఎలుగులు ఆడవాటి కోసం మైళ్లకొద్దీ తిరుగుతుంటాయి, ఎదురుపడిన పిల్లల్ని అప్పుడప్పుడు చంపుతాయి.

పక్కింటి పెద్దాయన, ఎనభై దాటినవాడు, పోయిన వారం పెద్ద రోడ్డు మీద చిన్న ఎలుగును కారు గుద్దిందని విన్నానన్నాడు. సాయంత్రం వెళ్లి రోడ్డు వారన నడిచాను. ఏమీ లేదు.

2023 జూలై 9

మళ్లీ మూడు! ఒకటో కెమెరా, రాత్రి 9:12. తల్లి, వెనక మూడు పిల్లలు. ఇంట్లో కేకలు పెట్టాను. జూన్ 19 రాసింది కొట్టేసి "పొరపాటు" అని రాశాను. అమ్మకు కూడా చెప్పేశాను.

2023 జూలై 22

పొరపాటు జూన్‌లో కాదు, జూలైలో. అదే గుంపు ఇవాళ పగటి వెలుతురులో దొరికింది. తల్లికి రెండు చెవులూ ఖాళీ. పిల్లల్లో ఒక్కదానికీ మచ్చ లేదు. ఇది వేరే తల్లి, వేరే మూడు. పోయిన క్లిప్పులో అది ఎడమ నుంచి కుడికి నడిచింది, ఎడమ చెవి కెమెరాకు కనబడలేదు. నేను చూడాలనుకున్నది చూశాను, అంతే.

కొత్త నియమం: ఎడమ చెవి కనబడని క్లిప్పు లెక్కలోకి రాదు. ఈ నియమంతో వెనక్కి వెళ్లి అన్నీ మళ్లీ చూస్తే, నా 31 "ట్యాగమ్మ" క్లిప్పుల్లో 12 ఎగిరిపోయాయి. జూన్‌లో రెండే ఉన్న ఆరు క్లిప్పుల్లో చెవి స్పష్టంగా ఉన్నవి నాలుగు.

ఇంకో మాట కూడా మార్చాను. "చనిపోయింది" కాదు, "కనబడలేదు". కెమెరాకు కనబడకపోవడం చావు కాదు. అసలు లెక్క చెప్పగలిగేవాళ్లు ఈ పని ఇలా చెయ్యరు. తల్లి మెడకు రేడియో కాలర్ (ఎక్కడుందో సంకేతాలు పంపే పట్టీ) వేస్తారు. మార్చిలో అది పడుకున్న చోటికి వెళ్లి పిల్లల్ని లెక్కపెట్టి, తూచి, మళ్లీ వచ్చే మార్చికి అదే తల్లి దగ్గరికి వెళ్తారు. ఏడాది నిండిన పిల్లలు తల్లితోనే పడుకుని ఉంటాయి కాబట్టి, నిరుటి సంఖ్య పక్కన ఈసారి సంఖ్య రాస్తే సరి.

మిన్నెసోటా సహజ వనరుల శాఖ 1981 జూలైలో అలా కాలర్ వేసిన ఆడ ఎలుగు ఒకటుంది. నంబర్ 56. 2013లో చనిపోయేనాటికి దానికి 39 ఏళ్లు దాటాయి. తెలిసినంతలో అడవిలో అంత ముసలితనం చూసిన నల్ల ఎలుగు ఇంకోటి లేదు. 1981 నుంచి 1995 వరకు ఎనిమిది కాన్పుల్లో 22 పిల్లల్ని కని 21ని ఏడాదిన్నర దాకా పెంచింది. ఆ తర్వాత 1997లో మాత్రం మూడింట రెండు పోగొట్టుకుంది. అప్పటికి 23 ఏళ్లది. ఈ ఒక్క ఎలుగు లెక్క రాయడానికి ముప్పై ఏళ్లకు పైగా మనుషులు మంచులో నడిచారు. నేను రెండు నెలలకే తీర్పు చెప్పేశాను.

2023 ఆగస్టు 13

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. శనివారం పాప పుట్టినరోజు, ముప్పై మంది వచ్చారు. రాత్రి పదకొండుకు అలిసిపోయి చెత్తడబ్బా వీధి చివర పెట్టేశాను. పొద్దున పెట్టాలని తెలుసు. తెల్లారేసరికి డ్రైవ్‌వే అంతా బిర్యానీ.

గరాజు కెమెరాలో ట్యాగమ్మ. వెనక రెండు పిల్లలు. ఒకటి రైతా డబ్బాలో మూతి పెట్టి నాకుతోంది, ఛాతీ మీద మచ్చ. "పెరుగు పెరుగు తింటోంది!" అని పాప గెంతింది. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది, నా మీదే. చెత్త రుచి మరిగిన తల్లి పిల్లలకూ అదే నేర్పుతుంది. అలా ఇళ్లకు అలవాటు పడి లోపలికి చొరబడే ఎలుగును ఇక్కడ మొదటి కేటగిరీ అంటారు. దాన్ని చంపేస్తారు. తిండి పెట్టను అని ఏప్రిల్‌లో నియమం రాసుకున్నవాడిని నేనే.

ఎలుగు తెరవలేని గొళ్లెం డబ్బా ఆర్డరు పెట్టాను. పక్షుల గింజల గూడు కూడా తీసేశాను, పక్కింటాయన కూడా తీసేశాడు. మూడు వారాలు గరాజు కెమెరాలో ఏమీ రాకపోతే ఊపిరి పీలుస్తాను.

2023 సెప్టెంబర్ 24

గరాజు ఖాళీ. అడవి నిండుగా ఉంది. వైట్ ఓక్ కాయలు ఈ ఏడు బాగా రాలాయి, మా పెరట్లో నడిస్తే గోళీల మీద నడిచినట్టుంది. వైట్ ఓక్ కాయ పూసిన ఏడాదే పండుతుంది, రెడ్ ఓక్‌కు రెండేళ్లు కావాలి. అందుకని ఒకటి తప్పినా ఇంకొకటి ఆదుకునే అవకాశం ఉంటుంది. రెండూ తప్పిన ఏడు ఎలుగులు ఊళ్లమీద పడతాయి, సన్నగా ఉన్న పిల్లలు చలికాలం దాటవు.

ఈ రోజుల్లో పెద్ద ఎలుగు రోజుకు ఇరవై వేల కేలరీల దాకా తింటుంది. కర్ర దగ్గర పెరుగు భుజం నలభై అయిదు గీతను తాకుతోంది. రెండోది ఒక గీత తక్కువ. రెండింటి పొట్టలూ నేలకు వేలాడుతున్నాయి. చూడటానికి ఎంత హాయిగా ఉందో.

2023 అక్టోబర్ 8

రేపటి నుంచి వేట. 2020 తర్వాత ఆగిన ఎలుగు వేటను 2022 డిసెంబర్‌లో గవర్నర్ ఫిల్ మర్ఫీ హయాంలో మళ్లీ తెరిచారు. అక్టోబర్‌లో ఒక విడత, డిసెంబర్‌లో ఒకటి. 75 పౌండ్ల లోపు పిల్లను గానీ, అలాంటి పిల్లలతో ఉన్న తల్లిని గానీ కాల్చకూడదు. కాగితం మీద నియమం బాగానే ఉంది. చెట్టు మీద ముప్పై అడుగుల ఎత్తున పిల్లలుండి, తల్లి కింద ఒంటరిగా కనబడితే? ఈ ప్రశ్న వేటగాడైన నా సహోద్యోగిని అడిగాను. "అందుకే నేను చాలాసేపు ఆగి చూస్తాను" అన్నాడు. అతను ఆగుతాడని నమ్ముతాను. ఇక్కడ ఎలుగులు బాగా పెరిగాయి, మనుషులతో గొడవలూ పెరిగాయి, వేట పూర్తిగా తప్పని నేను అనలేను. టెన్షన్ మాత్రం తప్పదు.

2023 అక్టోబర్ 21

ట్యాగమ్మ, రెండు పిల్లలు. 17న, ఎడమ చెవి స్పష్టం. సరే.

కానీ అదే కార్డులో, 19వ తేదీ తెల్లవారుజామున 5:48కి, నాలుగో కెమెరాలో ఒంటరి పిల్ల. పదకొండు సెకన్లు. మచ్చ లేదు, ముందూ వెనకా ఎవరూ లేరు. భుజం ముప్పై అయిదు గీత దగ్గర. ఎముకలు కనబడటం లేదు గానీ ఆ వయసుకు చిన్నదే.

ఆర్నెల్లు దాటిన పిల్ల తల్లి లేకపోయినా బతకగలదు, అలాంటివి చాలా ఉన్నాయి. జూన్ నాటికి మాత్రం దానికి అయిదు నెలలే, అంచు మీద ఉన్నట్టు. అదేనా? రెండో తల్లి మూడింట్లో ఒకటా? ఊరికే తప్పిపోయి మర్నాటికి తల్లిని చేరేదా? పాప "అదే నాన్నా, ఆ ఆలస్యంగా వచ్చేదే" అంది. ఆలస్యంగా వచ్చేది పెరుగు కదా అన్నాను. "ఆ రోజు ఒక్కసారే" అంది. డైరీలో ప్రశ్నార్థకం పెట్టాను.

2023 డిసెంబర్ 18

రాత్రంతా కుండపోత. వాగు పొంగి ఒకటో కెమెరా మునిగింది, కార్డు బతికింది. ట్యాగమ్మ నవంబర్ 29 తర్వాత కనబడలేదు. చిత్తడి వైపు పడుకుని ఉంటే ఈ నీళ్లకు ఏమైందో. ఇక్కడి ఎలుగులు గుహలే వెతకవు. కూలిన చెట్టు వేరు కింద, పొదల గుట్టలో, ఒక్కోసారి నేల మీదే ఆకులు పోగేసి పడుకుంటాయి. వెళ్లి చూడాలని కాళ్లు లాగుతున్నాయి. మూడో నియమం.

2024 ఏప్రిల్ 5

పొద్దున 10:23కి ఇల్లు ఊగింది. 4.8 అట, మా రాష్ట్రంలోనే వైట్‌హౌస్ స్టేషన్ అనే ఊరి దగ్గర. న్యూజెర్సీలో భూకంపం! కెమెరాల్లో ఏమైనా పడిందేమోనని సాయంత్రం పరుగెత్తాను. ఏమీ లేదు, భూమి ఊగితే వేడి కదలదు కదా. కానీ నాలుగు రోజుల కిందటి క్లిప్పు ఒకటి ఉంది.

ట్యాగమ్మ, ఎడమ చెవి, ట్యాగు. చిక్కిపోయింది. చిత్తడిలో మొలిచే స్కంక్ క్యాబేజీ మొలకలు పీకి తింటోంది. వెనక రెండు. ఒకదాని ఛాతీ మీద మచ్చ. రెండూ మంచి కుక్క ఎత్తున ఉన్నాయి.

మూడుకు రెండు. ఏప్రిల్ నుంచి ఏప్రిల్. బొరియలో ఎన్ని పుట్టాయో నేను చూడలేదు, కాబట్టి ఈ లెక్క జనవరి నుంచి కాదు. అది కూడా పక్కన రాశాను.

2024 జూన్ 9

మూడో కెమెరా. పెద్ద మగ ఎలుగు, తల బోర్లించిన పెద్ద గంగాళంలా ఉంది, ట్యాగమ్మ వెనకే నడుస్తోంది. ఇప్పుడు జోడు కట్టినా కడుపులో పిండం నవంబర్ దాకా అంటుకోదు. అప్పటికి ఒంట్లో తగినంత కొవ్వు ఉంటేనే. మళ్లీ ఓక్ కాయల మీదికే వచ్చింది కథ.

ఇరవై నిమిషాల తర్వాతి క్లిప్పులో పెరుగు పైన్ చెట్టు మీద, పదిహేను అడుగుల ఎత్తులో. కిందికి చూస్తోంది. తల్లి వెళ్లిన దిక్కుకు కాసేపు, ఇటు కాసేపు. కిందికి పిలిచే ఆ చిన్న మూలుగు ఆడియోలో వెతికాను. లేదు.

2024 జూన్ 23

పెరుగు ఒక్కటే, రెండో కెమెరా, పట్టపగలు. చీమల పుట్టున్న మోడును చీల్చి గుడ్లు నాకుతోంది. రెండోదాని జాడ ఈ వారం లేదు. "కనబడలేదు" అని రాశాను.

నాలుగో కెమెరా బ్యాటరీలు మార్చాను. దాని ముందు కర్ర నలభై గీత దాకా ఎవరో నమిలేశారు. కొత్తది పాతాలి, గీతలు మళ్లీ గీయాలి. బెరడులో ఇరుక్కున్న నల్ల వెంట్రుకలు ఓ పది కవరులో వేసి పెట్టాను, అమ్మకు పంపడానికి.